డాక్టరు గారి 1,312 కార్డులు: పేరులేని ఆటగాళ్ల పాత బేస్‌బాల్ కార్డులకు ముందుముందు రేటు ఉంటుందా?

2024 ఏప్రిల్‌లో ఒక శనివారం పెన్సిల్వేనియాలో ఒక రిటైర్డ్ డాక్టరు గారింటికి వెళ్లాను. మనవాళ్లే, గుంటూరు వైపు, డెబ్భైల్లో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాది వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు పాత బేస్‌బాల్ కార్డులు కొనడం, అమ్మడం, ఎవరైనా పిలిస్తే వెళ్లి వాళ్ల కార్డులకు వెల కట్టిపెట్టడం. పదహారేళ్లుగా ఇదే వరస. మామూలుగా నన్ను పిలిచేది తాతగారు పోయాక అటక మీద పెట్టె దొరికిన అమెరికన్లు. తెలుగువాళ్ల ఇంటి నుంచి ఫోన్ రావడం అదే మొదటిసారి, అందులోనూ కార్డులు కొన్న మనిషే ఎదురుగా కూర్చుని కాఫీ గ్లాసు చేతికిచ్చి, "బాబూ, మొహమాటం లేకుండా చెప్పు, వీటికి ఎప్పటికైనా రేటొస్తుందా?" అని అడగడం.

లోపల్నుంచి అమ్మగారు, "బంగారం కొనమంటే అట్టముక్కలు కొన్నారు, ఆ మాట కూడా చెప్పండి" అన్నారు. ఆవిడ మాట తీసెయ్యలేం. 1989లో ఔన్సు బంగారం 400 డాలర్ల అటూ ఇటూ ఉండేది, నేను వాళ్లింటికి వెళ్లిన నెలలో 2,300 దాటింది.

డాక్టరు గారు 1983 నుంచి 1994 దాకా కొడుకుని వెంటబెట్టుకుని సంతలూ కార్డు షోలూ తిరిగి కొన్నవి ఇవన్నీ. ఆయన లెక్క ఏమిటంటే, మిక్కీ మాంటిల్ లాంటి స్టార్ కార్డు ఒక్కటి కొనే డబ్బుకి ఎవరికీ తెలియని ఆటగాళ్లవి కొన్ని వందలు వస్తాయి, పాతవి కాబట్టి ఎప్పటికైనా పెరుగుతాయి, వందలో పది పెరిగినా చాలు. ఊరి బయట స్థలం కొనిపడేసినట్టన్నమాట. కానీ ఊరి బయట స్థలానికి రేటొచ్చేది ఊరు అటువైపు పెరిగితేనే. పాత కార్డుల ఊరు ఎటు పెరుగుతోంది, అసలు పెరుగుతోందా? ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న మీదే నడిచింది.

ఈ సరుకు గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో, తర్వాత చూయింగ్ గమ్ పొట్లాల్లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టి అమ్మేవారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ వ్యాపారంలో పెద్ద పేరు టాప్స్ కంపెనీ. ఏడాదికో సెట్టు, అందులో వందల కార్డులు, ప్రతి కార్డుకీ వెనక ఒక నంబరు. సెట్టులో స్టార్లు ఓ ముప్ఫై నలభై మంది ఉంటే మిగతా అందరినీ మా భాషలో "కామన్స్" అంటాం. డాక్టరు గారి దగ్గరున్నవి నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కామన్సే.

మొత్తం 1,312. వాటిలో 1952 టాప్స్ 41, 1953 నుంచి 56 దాకా 160, 1957–62 మధ్యవి 520, 1963–69 మధ్యవి 430, డెబ్భైల నాటివి 152. ఇవికాక ఒక పిప్పరమెంటు డబ్బాలో టీ206 కార్డులు తొమ్మిది, అంటే 1909–11 నాటి సిగరెట్ పెట్టెల కార్డులు. వీటన్నిటికంటే నాకు విలువైనదిగా కనిపించింది ఇంకొకటి ఉంది, ఆయన రాసుకున్న నోట్‌బుక్. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి కొన్నదీ అన్నీ రాసి పెట్టుకున్నారు. ప్రిస్క్రిప్షన్ చేతిరాత కాబట్టి సగం ఆయన్నే అడిగి చదివించుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి. ఈ వ్యాపారంలో అందరూ "నా కార్డు పెరిగింది" అంటారు గానీ కొన్న ధర కాగితం మీద చూపించేవాళ్లు అరుదు.

ముందుగా చేతిలోకి తీసుకున్నది 1952 టాప్స్ కట్ట. పై కార్డు ఆండీ పాఫ్కో, ఆ సెట్టులో నంబర్ 1. లైటు కింద పెట్టి కొంచెం వాల్చి చూస్తే రెండు పక్క అంచుల్లోనూ సరిగ్గా ఒకే ఎత్తులో చిన్న నొక్కులు, వాటి మధ్య అడ్డంగా గోధుమరంగు చార. రబ్బరు బ్యాండు గుర్తు. ఆ కాలపు పిల్లలు కార్డుల్ని నంబర్ల వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు, దెబ్బంతా పైనున్న మొదటి కార్డే తినేది. అందుకే పాఫ్కో కార్డులు దొరక్క కాదు, బాగున్నవి దొరక్క ఖరీదు. ఒక్క మచ్చ లేని పాఫ్కో ఒకటి 1998లో 83,970 డాలర్లకు అమ్ముడైంది. పాఫ్కో మంచి ఆటగాడే గానీ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా మనిషి కాదు, ఆ డబ్బు పలికింది అతని ఆటకి కాదు, కార్డు వెనకున్న ఒకటో నంబరుకి. గౌడీ అనే ఇంకో గమ్ కంపెనీ 1933 సెట్టులో బెన్నీ బెంగో సంగతీ ఇంతే, ఆయనదీ నంబర్ 1.

డాక్టరు గారి పాఫ్కోకి నొక్కులతో పాటు ఒక మూల మడత కూడా ఉంది. అయినా 350 డాలర్లకు పోయింది. పక్కనే ఉన్న, అంతకంటే శుభ్రంగా ఉన్న కార్డులు సగటున 16 డాలర్లకు పోయాయి.

ఇక అదే సెట్టులో 311 నుంచి 407 దాకా నంబర్లున్న కార్డుల కథ. ఇది చెప్పకుండా పేరులేని ఆటగాళ్ల కార్డుల గురించి మాట్లాడటం దండగ. ఈ ఆఖరి విడత సీజన్ చివర్లో దుకాణాలకొచ్చింది, పిల్లల ధ్యాస అప్పటికే ఫుట్‌బాల్ మీదకి మళ్లింది, సరుకు మిగిలిపోయింది. టాప్స్‌లో ఆ సెట్టును తయారుచేసిన సై బెర్గర్ ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్న ఆ పెట్టెల్ని 1960 ప్రాంతంలో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని తర్వాత చెప్పుకున్నాడు. 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికిన మాంటిల్ కార్డు ఈ విడతలోనిదే, నంబర్ 311. చాలామంది గమనించని సంగతేమిటంటే మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డుల్ని అచ్చు షీటు మీద రెండేసి సార్లు ముద్రించారు. అంటే ఈ విడతలో ఎవరికీ పేరు తెలియని ఆటగాడి కార్డు మాంటిల్ కంటే తక్కువ సంఖ్యలో అచ్చయింది. అయినా ధరలో ఆ కార్డు మాంటిల్ కాలి గోటికి కూడా సరిపోదు.

డాక్టరు గారికి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. "అరుదైతే ఖరీదు అనుకున్నానే" అన్నారు. "అరుదుగా ఉండి ఎవరికో ఒకరికి అది లేక నిద్రపట్టకపోవాలి డాక్టరు గారూ, అప్పుడే ఖరీదు" అన్నాను. కామన్ కార్డు లేక నిద్రపట్టనివాడు ఒక్కడే, సెట్టు పూర్తి చేద్దామనుకునేవాడు. వాడి దగ్గర 407లో 403 ఉంటాయి, ఆ మిగిలిన నాలుగూ ఎవరి బొమ్మలైనా సరే కావాలి. పేరులేని ఆటగాడి కార్డుకి కొనుగోలుదారు వాడే. ఆ కార్డు వాడి సెట్టులో ఎంత కష్టంగా దొరుకుతుందన్నదే ధర.

ఆ ముక్క పట్టుకుని కార్డుల్ని ఆటగాళ్ల పేర్ల వారీగా కాకుండా నంబర్ల వారీగా వేరు చేయడం మొదలుపెట్టాం, డైనింగ్ టేబుల్ మీద చీట్లపేకలా పరుచుకుని. 1961లో 523 నుంచి, 1966లో 523 నుంచి, 1967లో 534 నుంచి పైవన్నీ ఒక పక్క, ఇవీ కష్టంగా దొరికే ఆఖరి విడతలే. 1957 సెట్టు ఒక్కటే తిరకాసు, అందులో కష్టమైనవి ఆఖరివి కాదు, మధ్యలో 265 నుంచి 352 దాకా. చాలామంది అమ్మేవాళ్లకు ఇది తెలియక కలిపేసి అమ్ముతారు, నా సంపాదనలో కొంత భాగం ఆ తెలియనితనం మీదే వచ్చింది, దాచడమెందుకు. సాయంత్రానికి 1,312లో ఇలా పక్కకు తీసినవి 97. మిగిలిన 1,215 మామూలు సరుకు.

ఇప్పుడు నోట్‌బుక్ లెక్క. 1957–62 మధ్యవాటిలో 212 కార్డులకు కొన్న ధర స్పష్టంగా రాసి ఉంది, ఎక్కువభాగం 1989లో, మొత్తం 1,060 డాలర్లు, అంటే కార్డుకి 5 డాలర్లు. ఆ ఏళ్లలో కార్డుల పిచ్చి ఎలా ఉండేదంటే ధరల పత్రిక వచ్చిన రోజు షాపువాళ్లు స్టిక్కర్లు మార్చేవారట. ఈ 212నీ సెట్టుల వారీగా లాట్లు కట్టి అమ్మితే ఫీజులు పోను 740 వచ్చాయి. 1989 నాటి డాలరు ఈరోజు రెండున్నర డాలర్లతో సమానం కాబట్టి ఆయన పెట్టింది ఇప్పటి లెక్కలో సుమారు 2,650. అంటే ముప్ఫై ఐదేళ్లు జాగ్రత్తగా, ఎండ తగలకుండా, చెమ్మ తగలకుండా దాచి దాదాపు నాలుగింట మూడు వంతులు పోగొట్టుకున్నారు.

1952 ఆఖరి విడతవి మూడు ఉన్నాయి. 1986లో మూడూ కలిపి 180కి కొన్నారు, 610కి అమ్మాం. చూడ్డానికి మూడింతలు. కానీ 1986 డాలర్లను ఇప్పటికి మారిస్తే ఆ 180 కాస్తా 510 దాటుతుంది. గెలిచిన గుర్రం కూడా ధరల పెరుగుదలను ముక్కు తేడాతోనే దాటింది.

మరి ఇక్కణ్నుంచి? నా అంచనా నిర్మొహమాటంగా చెబుతాను. మామూలు కామన్స్ ఇక్కణ్నుంచి అంకెల్లో ఉన్నచోటే ఉంటాయి లేదా మెల్లగా జారతాయి. 1957 నాటి సెట్టు కట్టేవాళ్లలో ఎక్కువమంది ఆ కార్డుల్ని చిన్నప్పుడు సైకిల్ చక్రాలకు కట్టుకుని తిరిగినవాళ్లు, వాళ్లకిప్పుడు డెబ్భై దాటాయి. షోలో నా టేబుల్ దగ్గరికి చీటీ పట్టుకుని "మీ దగ్గర 58లో 412 ఉందా" అని అడిగే ముసలాయనలు పదేళ్ల కిందట పదిమంది వస్తే ఇప్పుడు నలుగురు వస్తున్నారు. పైగా వాళ్లు పోయినప్పుడు వాళ్ల సెట్లు మళ్లీ విడిపోయి మార్కెట్లోకే వస్తాయి, కొనేవాడు తగ్గి అమ్మేది పెరుగుతుంది. కోవిడ్ సమయంలో అన్నీ ఎగిశాయి, నిజమే, ఆ తర్వాత చల్లారాయి కూడా. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు సెట్లు కట్టరు, ఒక్క పెద్ద కార్డు కొని గ్రేడింగ్ డబ్బాలో, అంటే కార్డు ఎంత బాగుందో మార్కులేసి సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటారు. ఆ డబ్బాలో పేరులేనివాడికి చోటు దొరకాలంటే వాడికి ఒక కథ ఉండాలి.

కథంటే ఉదాహరణకి జో డాయిల్. 1909 ప్రాంతంలో న్యూయార్క్ హైలాండర్స్‌కి ఆడిన ఓ మామూలు పిచర్, అంటే బంతి విసిరేవాడు. అక్కడి రెండు పెద్ద లీగుల్లో హైలాండర్స్ ఉన్నది అమెరికన్ లీగ్‌లో. టీ206 కార్డు అచ్చు వేసినవాళ్లు నేషనల్ లీగ్‌లో ఆడే లారీ డాయిల్ అనుకుని కొన్నిటి మీద "నేషనల్" అని వేసి తర్వాత దిద్దుకున్నారు. ఆ తప్పు అచ్చు కార్డులు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, ధర లక్షల డాలర్లు. లేదా మో బెర్గ్, కెరీర్ బ్యాటింగ్ సగటు .243, ఎక్కువకాలం బెంచి మీదే. కానీ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా గూఢచారిగా పనిచేసి, 1944 డిసెంబరులో జూరిక్‌లో జర్మన్ అణు శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ ఉపన్యాసానికి జేబులో పిస్తోలుతో వెళ్లి కూర్చున్న మనిషి. 1933 గౌడీలో అతని కార్డు పక్కనున్న కామన్స్‌ని ఎప్పుడో దాటేసింది.

అలాంటిదేమైనా ఉందేమోనని 1,215 మామూలు సరుకునీ మళ్లీ ఒకటొకటిగా తిప్పాను. 1965 కట్టలో దొరికింది, నంబర్ 282, జెయింట్స్ జట్టు రూకీలు, అంటే కొత్తగా వచ్చిన ఆటగాళ్లు. ఒక బొమ్మ డిక్ ఎస్టెల్, రెండోది మసనోరి మురకామి. 1964 సెప్టెంబరు 1న అమెరికా పై స్థాయి బేస్‌బాల్, మేజర్ లీగ్‌లో ఆడిన మొట్టమొదటి జపాన్ ఆటగాడు ఆయనే. నిజం చెప్పాలంటే మొదటి విడత వేరు చేసేటప్పుడు నేనే దీన్ని మామూలు కట్టలో పడేశాను, నంబర్లు చూసే ధ్యాసలో పేరు చదవలేదు. జపాన్ స్టార్ ఒహ్తానీ ఆట చూసి బేస్‌బాల్‌లోకి వచ్చినవాళ్లు అంతకుముందు ఎవరని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆఖరికి చేరేది ఈ అట్టముక్క దగ్గరికే. వాళ్లు సెట్టు కట్టేవాళ్లు కాదు, పూర్తిగా కొత్త ఊరి మనుషులు. నోట్‌బుక్‌లో దీని ఖరీదు ఒక డాలరు. నేను అక్కడికక్కడ 70 ఇస్తానన్నాను. డాక్టరు గారు నా మొహం చూసి, "నువ్వు ఇస్తానన్నావంటే ఉంచుకోవడమే మంచిది" అన్నారు.

1960 కట్టలో పంప్సీ గ్రీన్ కూడా ఉన్నాడు, బోస్టన్ రెడ్‌సాక్స్‌కి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు, 1959లో. నల్లవాళ్లను తీసుకున్న ఆఖరి జట్టు అదే. ఆ కార్డూ పక్కన పెట్టించాను.

ఇంకో ఆశ హాల్ ఆఫ్ ఫేమ్. మనవాడు ఎప్పటికైనా అందులో చేరితే కార్డు ఎగురుతుందని చాలామంది కాచుకుని కూర్చుంటారు. డాక్టరు గారి దగ్గర 1964 ఫిలడెల్ఫియా రూకీ కార్డు ఉంది, దాని మీద డిక్ ఆలెన్, పక్కన జాన్ హెర్న్‌స్టైన్. ఆలెన్ ఒకసారి ఒక్క ఓటు తేడాతో తప్పిపోయాడు, 2020లో చనిపోయాడు, ఆ తర్వాత మళ్లీ ఒక్క ఓటు తేడాతోనే తప్పిపోయాడు, మా కేసు నడుస్తుండగానే 2024 డిసెంబరులో ఎన్నికయ్యాడు. డాక్టరు గారు ఫోన్ చేసి "చూశావా, పెరిగిందా?" అన్నారు. పెరిగింది గానీ ఆయన ఊహించినంత కాదు. ఆలెన్ ఎన్నికవుతాడని పదేళ్లుగా అందరూ ఎదురుచూస్తున్నదే, ఆ ఆశ ముందే ధరలో కలిసిపోయి ఉంది. అయినా ఆలెన్ ఆ స్థాయి ఆటగాడు కాబట్టి ఆ మాత్రమైనా. హెర్న్‌స్టైన్‌లాంటి వాళ్లకు ఆ తలుపు ఎప్పటికీ తెరుచుకోదు, ఆయన పెద్దవాడి పక్కన ఫొటోలో పడ్డ పెళ్లికొడుకు స్నేహితుడు.

ఇప్పుడు నా తప్పు. పక్కకు తీసిన 97లో 14 చాలా నీటుగా కనిపించాయి, 1961, 66 ఆఖరి నంబర్లు. వీటిని గ్రేడింగ్‌కి పంపిద్దామన్నాను. పది పాయింట్ల మీద మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. కామన్ కార్డుకి పెద్ద గ్రేడు వస్తే ఎందుకు ధర వస్తుందంటే, ఎవరి సెట్టుకి ఎక్కువ సగటు గ్రేడుందో ర్యాంకులు కట్టుకుని పోటీపడేవాళ్లున్నారు, అందరి దగ్గరా 7 ఉన్న కార్డు మీ దగ్గర 9 ఉంటే ఇద్దరు పంతానికి పోతారు. ఆ ఇద్దరిలో ఒకడు తప్పుకున్నా, ఇంకో నాలుగు 9లు బయటపడ్డా ధర సగమవుతుంది. ఇది తెలిసే పంపాను, 8లు వస్తాయన్న ధీమాతో. ఖర్చు కార్డుకి 25 చొప్పున 350. నాలుగు నెలలకు తిరిగొచ్చాయి. నాలుగు 8లు, ఆరు 7లు, మూడు 6లు. పద్నాలుగోదానికి గ్రేడే ఇవ్వలేదు, అంచు కత్తిరించారని తిప్పి పంపారు.

ఆ పద్నాలుగో కార్డుది పూర్తిగా నా నిర్లక్ష్యం. 1957 నుంచి టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు. నేను ఎత్తు కొలిచి సరిపెట్టుకున్నాను. వెడల్పు కొలిస్తే అంగుళంలో ముప్ఫైరెండో వంతు తక్కువ. ఎప్పుడో ఎవరో మొద్దుబారిన మూలల్ని పదునుగా చూపించడానికి పక్క అంచు చెక్కేశారు. భూతద్దం కింద చూస్తే మూడు అంచుల్లో అట్ట పీచు పాతబడి మెత్తగా ఉంది, నాలుగో అంచు కొత్త బ్లేడుతో కోసినట్టు తెల్లగా, నున్నగా ఉంది. డాక్టరు గారు దాన్ని చూసి, "మనకంటే ముందే ఏదో సర్జన్ చెయ్యి పడింది" అని ఒకటే నవ్వు. డబ్బాల్లోని 13 కలిపి 670కి అమ్మాం, గ్రేడింగ్ ఖర్చు పోతే 320. పంపకుండా ఉన్నవి ఉన్నట్టు అమ్మితే 350 వచ్చేవని నా అంచనా. నాలుగు నెలల టెన్షన్‌కి ప్రతిఫలం మైనస్ 30.

మిగతావి త్వరగానే తేలిపోయాయి. విడివిడిగా అమ్మితే కార్డుకి నాలుగైదు డాలర్లు వచ్చినా కవరు, స్టాంపు, సుమారు 13 శాతం ఆన్‌లైన్ ఫీజు, పైగా నా టైము, ఏమీ మిగలదు. అందుకే మామూలువి ఏడాది వారీగా వందేసి లాట్లు, 1957 మధ్య విడత మాత్రం విడిగా. డెబ్భైల నాటి 152కీ కలిపి 40 వచ్చాయి, ఆ పెట్టె మోసినందుకు నా నడుం నొప్పి అంతకంటే ఎక్కువ. టీ206 తొమ్మిదీ నలిగి నాని ఉన్నా 610 తెచ్చాయి, అందులో ఒక్కటే 170. అది దక్షిణాది చిన్న లీగుల ఆటగాడిది, ఆ లీగుల వాళ్లవి ఆ సెట్టులో 48 మాత్రమే, మిగతావాటికంటే కష్టంగా దొరుకుతాయి. చూశారుగా, నూట పదేళ్ల కిందటి సెట్టులోనూ సూత్రం మారలేదు.

2025 ఫిబ్రవరికి లెక్క ముగిసింది. నా కమీషన్ 15 శాతం కూడా పోను డాక్టరు గారి చేతికి 5,500 వచ్చాయి. నోట్‌బుక్ ప్రకారం ఆయన పెట్టింది 4,900. కలెక్టబుల్స్ లాభం మీద అమెరికాలో పన్ను 28 శాతం దాకా ఉంటుంది గానీ ఇక్కడ లాభమే నామమాత్రం. పెద్దవాళ్లు పోయాక వారసత్వంగా వచ్చినవాళ్లకైతే లెక్క వేరు, పెద్దవాళ్లు పోయిన రోజు మార్కెట్ ధరే కొన్న ధర అవుతుంది, కాబట్టి ఆ తేదీకి వెల కట్టించి కాగితం పెట్టుకోండి.

ఉంచుకున్నవి ఆరు. మురకామి, పంప్సీ గ్రీన్, ఆలెన్–హెర్న్‌స్టైన్, కత్తిరించిన ఆ పద్నాలుగోది, ఇంకో రెండు ఆయనకి మొహాలు నచ్చినవి. సాఫ్ట్‌బాల్ ఆడే మనవరాలు మురకామి కార్డు అడిగి తీసుకుంది. ఆరూ పోగా అమ్మినవి 1,306.

కిందటి నెల మళ్లీ ఫోన్. "బాబూ, సంతలో 1966వి నలభై దొరికాయి, అరవై డాలర్లు. నంబర్లు చూసే కొన్నాలే, అన్నీ 530 పైనవే."

"వెడల్పు కొలిచారా డాక్టరు గారూ?"

"స్కేలు జేబులో పెట్టుకునే వెళ్లానయ్యా" అన్నారు, వెనకాల అమ్మగారు ఏదో అంటున్నారు గానీ ఆయన ఫోన్ అటు తిప్పలేదు.